మిద్దె మీద లారీ

రోడ్ల పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. చాయ్ తాగి, నా సర్వీసులో నేను వేసిన గొప్ప రోడ్డు ఏదని అడుగుతారు. గొప్ప రోడ్డు అంటే కాసేపు ఆలోచించాలి. జారుడు రోడ్డు ఏదని అడిగితే మాత్రం తడుముకోకుండా చెప్పగలను. మట్టిని నమ్ముకున్నవాడు చెడిపోడని రైతులంటారు. నమ్మేముందు ఒకసారి తడిపి చూసుకోమని నేనంటాను. ఆ జ్ఞానం నాకు ఎలా వచ్చిందో చెబుతాను, పేర్లు మాత్రం అడగొద్దు. ఆ రోడ్డు మీద జారినవాళ్ళందరూ నాకు కావలసినవాళ్ళే.

రాష్ట్రాలు కలిసిన కొత్తలో నన్ను మహబూబ్‌నగర్ జిల్లా అడవుల్లో రోడ్ల ఓవర్సీరుగా వేశారు. నకిరేకల్ సంతలో మా బాపు, అంటే మా నాన్న, కనిపించిన ప్రతివాడికీ "మావోడు రోడ్డున పడ్డడు" అని చెప్పి, అవతలివాడు అయ్యో అనేదాకా ఆగి, అప్పుడు నా ఉద్యోగం సంగతి చెప్పేవాడట. కొన్నాళ్ళకు ఆ మాట రెండు విధాలా నిజమైంది.

అచ్చంపేట దాటి గుట్టలెక్కితే పైనంతా అడవి. అక్కడ కొట్టిన వెదురు లారీల మీద కిందికి దిగాలి. ఆ లారీలకు దారి వేయడం మా పని. తారు మాట ఆ అడవిలో ఎవరూ ఎత్తేవారు కారు. అక్కడి మట్టినే తవ్వి, పరిచి, తడిపి, దిమ్మిసలతో కొట్టి, ఎడ్లు లాగే రాతి రోలరు తిప్పి, దాన్నే రోడ్డు అనుకోవాలి. లారీ కూడా అలాగే అనుకుంటే ఏ గొడవా లేదు.

మిగతా దారంతా అలాగే అనుకుంది. ఒక్క దిగుడు మాత్రం మా మాట వినలేదు. అక్కడ రోడ్డు వంపు తిరుగుతూ కిందికి దిగుతుంది. పైనుంచి వాననీళ్ళు నేరుగా దాని నెత్తిమీదికే వస్తాయి. ఎర్రమట్టి పోస్తే మొదటి వానకే కొట్టుకుపోయింది. పక్క గుంతలోంచి మొరం తెచ్చి పోస్తే, అందులో ఉన్నవన్నీ గులకరాళ్ళే. ఒకదాన్నొకటి పట్టుకునే గుణం లేదు. లారీలు తిరిగేకొద్దీ రాళ్ళన్నీ పక్కలకు చెదిరిపోయి, ఆస్తి పంపకాలు అయిన అన్నదమ్ముల్లా రోడ్డుకు ఆ చివరా ఈ చివరా కూర్చున్నాయి. మధ్యలో మళ్ళీ చక్రాల గాడులే.

నా దగ్గర పనిచేసే ముఠాకు ఒక మేస్త్రీ ఉండేవాడు. కల్వకుర్తి వైపు మనిషి. వయసులో మా బాపు కంటే కొంచెం చిన్న. ఇరవై ఊళ్ళ మట్టి తొక్కిన కాళ్ళు ఆయనవి. పాలమూరు కూలీలు ఎక్కడ కట్ట కడుతుంటే అక్కడికి పోయేవాళ్ళు కదా, ఆయనా భార్యా అలాగే చెరువు పనుల వెంట, రోడ్డు పనుల వెంట, ప్రాజెక్టు పనుల వెంట తిరిగి తిరిగి మా అడవికి చేరారు. కానీ అసలు విద్య అది కాదు. వయసులో ఉన్నప్పుడు ఆయన మిద్దెలు వేసేవాడు. దూలాలు పరిచి, పైన కట్టెలు పేర్చి, మన్ను వేసి, అన్నిటి మీదా చౌడు పరిచే మిద్దె. ఆ ప్రాంతంలో ఇళ్ళన్నీ అవే.

చౌడు తెలియనివాళ్ళ కోసం ఒక మాట. కొన్ని పొలాల్లో ఎండాకాలం నేల మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా తేలుతుంది. అందులో గడ్డి కూడా మొలవదు. కానీ ఆ మట్టి ఇంటి కప్పు మీద పరిస్తే, నాలుగు చినుకులు పడగానే ఉబ్బి, సందులన్నీ మూసుకుని, ఆ తర్వాత ఎంత వాన కురిసినా చుక్క లోపలికి దిగనివ్వదు. పొలంలో పనికిరానిది నెత్తిమీద పెట్టుకోవడానికి పనికొస్తుంది. మనుషుల్లోనూ ఇలాంటివాళ్ళు పై పదవుల్లో కనిపిస్తారు కానీ అది వేరే కథ.

ఆ ఏడు మేస్త్రీ విషయంలో ఒక మంచి సూచన వచ్చింది. రోజుకూలీ మేస్త్రీల్లో ఒకరిని ఖాయం చేసుకోవచ్చని పైనుంచి అనుమతి వచ్చింది. నెల జీతం, ఉండటానికి చెక్‌పోస్టు దగ్గర ఒక గది. మా పెద్ద సారు, కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, నన్నడిగితే నేను మా మేస్త్రీ పేరు చెప్పాను. ఆ సంగతి తెలిసిన రోజు మేస్త్రీ తల వంచుకుని పని చేసుకుంటూ పోయాడు. ఆయన భార్య మాత్రం తట్ట కిందపెట్టి నా దగ్గరికొచ్చింది.

"ఊరందరికీ మిద్దెలేసిండు సారూ. మేం మాత్రం గుడిసె విప్పుడు, గుడిసె కట్టుడు, గిదే బతుకు. మోకాళ్లు వోతున్నయి ఆయనయి. ఇంకో కట్ట పనికి పోలేడు. జర మీరే సూడాలె."

చూస్తానన్నాను. చూడటానికి నా చేతిలో పెద్దగా ఏమీ లేదు. మేస్త్రీ పనితనం పెద్ద సారు కళ్ళకు కనబడాలి. ఆ ఏడు మా పనితనమంతా కనబడే చోటు ఒక్కటే, ఆ పాడు దిగుడు.

అందుకే కాబోలు మేస్త్రీ దాని గురించి మాకంటే ఎక్కువ ఆలోచించాడు. ఒకరోజు పొద్దున్నే వచ్చి, నీళ్ళు లోపలికి దిగితేనే కదా మట్టి మెత్తబడేది, దిగకుండా చేస్తే అయిపోయె, చౌడు పోద్దాం అన్నాడు. తను వేసిన మిద్దె కురిసిందని, అంటే వానకు కారిందని, ఆ తాలూకాలో ఎవడన్నా అంటే మీసం తీసేస్తానన్నాడు. నాకు ఆ మాట అమృతంలా వినిపించింది. రోడ్డుకు శత్రువు నీరు అని నేను చదివిన పుస్తకం. నీటికి శత్రువు చౌడు అని మేస్త్రీ. శత్రువుకు శత్రువు మిత్రుడని నేను. మాది గూనపెంకుల ఊరు కావడం వల్ల మిద్దెల మీద నాకు గౌరవం కూడా కొంచెం ఎక్కువే.

కింద పొలాల నుంచి చౌడు తోలించాం. మేస్త్రీ దగ్గరుండి పరిపించాడు. తడిపించి, కొట్టించి, మళ్ళీ తడిపించాడు. ఆరాక ఆ దిగుడు చూడాలి! గాడి లేదు, గులక లేదు, తెల్లగా, నున్నగా, దేవుడి గది గచ్చులా ఉంది. చెప్పులు విడిచి నడవాలనిపించింది. తొలకరి చినుకులు పడ్డాయి. నీళ్ళు పైనుంచి వచ్చి, రోడ్డు మీద ఒక్క క్షణం కూడా ఆగకుండా జర్రున జారిపోయాయి. మేస్త్రీ మీసం దువ్వుకున్నాడు. నాకు మీసం లేదు కాబట్టి చొక్కా సర్దుకున్నాను.

నీళ్ళు జారిపోయిన చోట ఇంకేం జారిపోగలవో మాకిద్దరికీ తోచలేదు. చిన్నప్పటి నుంచీ మా బట్టలు చాకలి ఇంటికి పోయి చౌడులో ఉడికి వచ్చేవి. సబ్బు లేని కాలంలో చౌడే సబ్బు అని నాకు తెలుసు. అయినా రోడ్డు మీద పోసేటప్పుడు, లారీని సబ్బు మీద నడిపించబోతున్నామని నా బుర్రకు తట్టలేదు. మట్టి గురించి చదివీ చదివీ బుర్ర కూడా దాని గుణం పట్టింది కాబోలు.

ఒక మంచి వాన వెలిసిన మధ్యాహ్నం నిండు వెదురుతో లారీ దిగింది. డ్రైవర్ మాకు బాగా తెలిసిన మనిషి. అచ్చంపేట ముస్లిం, అందరం భాయ్ అనేవాళ్ళం. ఏళ్ళ తరబడి ఆ గుట్టల్లో బండి నడిపినవాడు. సగం దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టాడు. చక్రాలు ఆగాయి. లారీ ఆగలేదు. చక్రాలు తిరగకుండానే అది కిందికి జారుతూ, వెనక భాగం ముందుకు వస్తానని పోటీపడి, అడ్డం తిరిగి, మలుపు దగ్గరి మద్దిచెట్టుకు ఆనుకుని నిలబడింది. చెట్టు అవతల లోయ. వెదురు కట్టలు తెగి కేబిన్ మీదుగా లోయలోకి పోయాయి. మేం పరుగెత్తి, పడి, లేచి, మళ్ళీ పడి అక్కడికి చేరేసరికి భాయ్ దిగి ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు. పెదవి చిట్లింది. ఇంకేం కాలేదు. మేస్త్రీ వెళ్ళి అతని ఎదురుగా నిలబడ్డాడు.

భాయ్ ఆయన్ని కింద నుంచి పైదాకా చూశాడు. "మిద్దె మస్తుగున్నది మేస్త్రీ," అన్నాడు. "దిగనీకి మెట్లు పెట్టుడు మర్చిపోయినవ్."

ఎవరూ నవ్వలేదు. ఈ మాటను తర్వాత అచ్చంపేట దాకా అందరూ చెప్పుకుని నవ్వారు. ఆ రోజు మాత్రం మేస్త్రీ కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఆ మద్దిచెట్టు వంకే చూస్తూ ఉండిపోయాడు.

పెద్ద సారు వచ్చారు. జీపు కిందనే ఆపి నడిచి ఎక్కుతూ, దిగుడు మొదట్లోనే కాలు జారి బురదలో కూలబడ్డారు. మేం లేపబోతే వద్దని, అక్కడే కూర్చుని ఆ మట్టి కొంచెం చేతిలోకి తీసుకుని, వేళ్ళ మధ్య పిసికి చూశారు. "ఇది ఇక్కడ పొయ్యమన్నది ఎవరు?" అని అడిగారు.

నేనూ మేస్త్రీ ఒకేసారి "నేనే" అన్నాం.

ఇలాంటి చోట మామూలుగా ఒక్కడు కూడా దొరకడని, ఇక్కడ ఇద్దరు దొరికారని ఆయన అన్నారు. మంచి మనిషి, కోపంలో కూడా ఏకవచనం వాడరు. పొయ్యమని పురమాయించింది నేనని, ఆ మట్టిని పరీక్షించాల్సింది నేనని చెప్పాను. మేస్త్రీ నా మాటకు అడ్డం వచ్చాడు. ఈ ఓవర్సీరు సారుకు చౌడు సంగతి తెలియదని, వాళ్ళది పెంకుటిళ్ళ ఊరని చెప్పాడు. నన్ను కాపాడుతున్నాడో, నా చదువును కడిగేస్తున్నాడో నాకు అర్థం కాలేదు. ఆఖర్న మెల్లగా ఒక్క మాటన్నాడు.

"చౌడు మంచిదే సార్. జాగా తప్పు."

పెద్ద సారు లేచి బట్టలు దులుపుకోబోయి, దులపడం వల్ల లాభం లేదని మానుకున్నారు. ఒకసారి లారీ జారిన రోడ్డుకు మేస్త్రీగా ఉన్న మనిషిని ఖాయం చెయ్యమని తను రాసినా పైవాళ్ళు ఒప్పుకోరన్నారు. ఆ వానల్లోనే, తడి మీదే, నిండు లారీ ఆ దిగుడు దిగాలి. తను కళ్ళారా చూడాలి. అప్పుడు రాయగలనన్నారు. మట్టి గట్టిపడితే మనిషి గట్టెక్కుతాడు, అంతే సంగతి.

చౌడు పొయ్యడం కంటే గీకడం కష్టం. కాలి కింద నిలవని మట్టి పారకు అంటుకుంటే వదలదు. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా గీకుతూ పోయాం. ఈసారి నేను పుస్తకం చెప్పినట్టు చేశాను. దొరికిన ప్రతి ఎర్రమట్టినీ తడిపి అరచేతుల మధ్య పాములా పేనాను. సన్నగా సాగితే జిగట ఎక్కువ, మొదట్లోనే విరిగితే ఇసుక ఎక్కువ. రెండింటికీ మధ్యరకం కావాలి. ఓవర్సీరు బండ మీద కూర్చుని పొద్దస్తమానం మట్టి పేనుతుంటే ఆడకూలీలకు పండగలా ఉంది. సారు సకినాలు చుడుతున్నాడని ఒకావిడ అంది. మేస్త్రీ భార్య వచ్చి వంగి చూసి, "నువ్వులు ఏసుడు మర్చిపోయిండు" అని పోయింది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో చూసిన నవ్వు అది. మేం చేయబోయేదీ అదే మరి. పిండికి ఎర్రమట్టి, నువ్వులకు మొరం. రాళ్ళు బరువు మోస్తాయి, మట్టి వాటిని పట్టుకుంటుంది.

మేస్త్రీ మాత్రం మాట్లాడటం తగ్గించాడు. ఏం చెబితే ఏమవుతుందోనన్న భయం. చెప్పినది చేస్తాడు, సొంతంగా ఏమీ అనడు. అది నాకు బురద కంటే ఎక్కువ ఇబ్బందిగా ఉండేది. ఒకరోజు పని చూస్తూ చూస్తూ ఉండబట్టలేక, వాటం చాలదన్నాడు. వాటమంటే నీళ్ళు పోవడానికి కప్పుకు పెట్టే వాలు. అన్నాక వెంటనే, మిద్దె మాట మళ్ళీ ఎత్తినందుకు నాలుక కరుచుకున్నాడు. నేను దారం పట్టి చూస్తే నిజమే, చాలదు. చౌడు వట్టిపోయింది కానీ వాటం వట్టిపోలేదు, చెప్పమన్నాను. అప్పుడు రోడ్డు నడుమ ఎత్తు చేసి, ఇరుపక్కలా వాలు ఇచ్చి, ఎగువ నీళ్ళు రోడ్డెక్కకముందే మళ్ళించే కాలువ తీయించాడు. పని ముగిసేసరికి ఆయన గొంతు పాత పద్ధతిలోకి వచ్చింది. రోలరు తోలే మనిషిని రెండుసార్లు తిట్టాడు కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. పెద్ద సారు దిగుడు కింద గొడుగు పట్టుకుని నిలబడ్డారు. పైన నిండు లారీ. భాయ్ దాని చుట్టూ తిరుగుతున్నాడు కానీ ఎక్కడం లేదు. ఒకసారి జారిన చోట మళ్ళీ దిగమంటే ఎవరికైనా అంతే. నేను రోడ్డు గురించి చెప్పబోయాను. ఎర్రమట్టి, మొరం, పాళ్ళు. అతను విన్నాడు, నా మీద గౌరవం కొద్దీ.

"గవన్ని నాకెందుకు సార్," అన్నాడు. "మేస్త్రీ నా పక్కన కూసుంటే దిగుత. లేకుంటే లేదు."

అందరం మేస్త్రీ వంక చూశాం. ఆయన ముఖంలో రంగు మారింది. అప్పుడు తెలిసింది, మూడు తాలూకాల్లో రోడ్లు వేసిన మనిషి ఇంతవరకు లారీ ఎక్కలేదని. ఊళ్ళకూ కట్టలకూ నడిచే పోయాడు, తను వేసిన రోడ్ల మీద కూడా. బరువు బండి కింద నేల ఎలా ఉంటుందో ఆయన పాదాలకు తెలియదు. మేం తప్పు చేసింది సరిగ్గా అక్కడే. మిద్దె మీద మనిషి నడుస్తాడు, లారీ నడవదు.

భార్య తట్టతోనే నిలబడి, "ఎక్కు మరి. బాట నీదే గద," అంది. మెత్తగానే అంది.

ఆయన ఎక్కాడు. ఆయన్ని ఒక్కణ్ణే పంపడానికి నాకు మనసొప్పక నేనూ ఎక్కాను. ముగ్గురం ఇరుక్కున్నాం. లారీ కదలగానే నడుమ కూర్చున్న మేస్త్రీ రెండు చేతులతో ఎదుటి చెక్క పట్టుకున్నాడు. దిగుడు మొదలయ్యేసరికి ఒక చెయ్యి చెక్క వదిలి నా మోకాలు పట్టుకుంది. ఆ పట్టు మచ్చ చాలా రోజులు ఉంది. భాయ్ చిన్న గేరులో దింపుతున్నాడు. మాట్లాడటం లేదు, పెదవులు మాత్రం ఏదో చదువుకుంటున్నాయి. మలుపు దగ్గర బ్రేకు తొక్కాడు. వెనక చక్రం ఒక జానెడు పక్కకు జరిగింది. ఆ జానెడు దగ్గరే కింద మొరం గరగరమని చక్రాన్ని పట్టుకుంది. లారీ నిలబడింది. మద్దిచెట్టు మా పక్కన, మమ్మల్ని తాకకుండా నిలబడి ఉంది.

"పట్టింది," అన్నాడు మేస్త్రీ కళ్ళు మూసుకునే. ఎవరితోనో తెలియదు.

కిందికి చేరి దిగాక ఆయన వంగి చక్రం కింది మట్టిని వేలితో నొక్కి చూశాడు. పెద్ద సారు గొడుగు ఆయన మీదికి వంచి, "ఎలా ఉందండీ మేస్త్రీ?" అని అడిగారు.

"కురుస్తలేదు సార్."

పెద్ద సారు ఆకాశం వంక చూశారు. ముసురు పడుతూనే ఉంది. "కురుస్తూనే ఉంది కదండీ," అన్నారు.

"వాన గాదు సార్. బాట."

పెద్ద సారుకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక పెద్దగా నవ్వలేదు. గొడుగు మేస్త్రీ చేతిలో పెట్టి, తను తడుస్తూ నడిచి దిగుడంతా ఒకసారి ఎక్కి దిగారు. ఈసారి జారలేదు.

వానలు వెనకబట్టాక, ఒక సాయంత్రం జీపు మీద కబురు వచ్చింది. మేస్త్రీ ఖాయం అయ్యాడు. నేను వెంటనే చెప్పొచ్చు. కానీ నాకప్పట్లో అన్నిటికీ కొంచెం నాటకం కావాలి. అందరి ముందూ చెబుదామని, బెల్లం కూడా తెప్పించి, తెల్లారేదాకా దాచుకున్నాను.

మా దగ్గర పొద్దున్నే రోజుకూలీలంతా వరుసగా నిలబడేవారు. నేను బండ మీద నిలబడి ఆ రోజు పని ఉన్నవాళ్ళ పేర్లు పిలిచేవాణ్ణి. పిలిచినవాళ్ళు ఇవతలికి వచ్చి పార అందుకోవాలి. పిలవనివాళ్ళు ఇంటికి పోవాలి. మేస్త్రీ పేరు ఎప్పుడూ మొదట పిలిచేవాణ్ణి. ఆ పొద్దున పిలవలేదు. ఒక్కొక్కరూ ఇవతలికి వచ్చారు. ఆయన భార్య కూడా వచ్చి, వెనక్కి తిరిగి చూసింది. అవతల ఆయన ఒక్కడే మిగిలాడు. నేను నవ్వుతూ నోరు తెరవబోయాను. ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

"తీసేసిన్రా సార్?" అన్నాడు. కండువా భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు, సెలవు తీసుకునేవాడిలా.

నేను బండ మీంచి దిగాను. తియ్యలేదని, వేసుకున్నారని, ఖాయమని ఎలాగో చెప్పాను. నాటకంలో మాటలన్నీ మర్చిపోయాను. బెల్లం సంగతి కూడా.

"గట్లయితే రేపు పిలుస్తరా?"

"పిలవను మేస్త్రీ. ఇక ఎప్పుడూ పిలవను. పిలవకపోయినా నువ్వు రావాలి."

ఆయన ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, మట్టిని చూసినట్టే. ఇవతల నుంచి భార్య గొంతు వినిపించింది. "సమజైందా? గిప్పుడు జర జరుగు. గమేలాలు నీ ఎనకున్నయి, కూలోళ్లం పోవాలె."

ఆయన ఒక అడుగు పక్కకు జరిగాడు. ఆడవాళ్ళు ఆ ఇనప గమేలా తట్టలు తీసుకుని ఆయన పక్కనుంచి దిగుడు వైపు వెళ్ళిపోయారు. ఆమె వెళ్తూ వెళ్తూ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. ఖాయమైన మనిషి పొద్దున పూట ఎక్కడ నిలబడాలో ఆయనకు తెలియదు. నాకూ ఎవరూ చెప్పలేదు. వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను.